అంచు మీద దెబ్బ

ఆదివారం పొద్దుగాల లింగంపల్లిల దిగి
షేరింగ్ ఆటోల ఐదు నిమిషాలు.
రేంజ్ గేటు కాడ సంతకం.
సిబ్గతుల్లా సాబు బీరువా తాళం తీసి
పాత టర్కీ తువ్వాల మీద
రెండింటినీ పక్కపక్కన పెట్టిండు.
ఒకటి వాల్తర్. ఒకటి పార్దిని.

"ఏడాదికి ఒక్కటే రాస్త మేడం రిజిస్టర్ల.
ఈ వారం అది, వొచ్చే వారం ఇది, నక్కో.
చెయ్యి ఖరాబైతది."

మూడు ఆదివారాలాయె.
చీరల దుకాణంల కూసున్నదాని లెక్క
ఇది తియ్యి, అది మడత పెట్టు అంటనే ఉన్న.

నారాయణగూడల ల్యాబుల
ఇరవై రెండేండ్ల సంది రక్తం తీస్తున్న.
పసిపిల్లల నరాలు,
మందులకు ఎండి లోపలికి పోయిన నరాలు,
ఉపాసమున్నోళ్ల దొరకని నరాలు,
కండ్లు మూసుకొని వేలితోని పడ్త.
నా చెయ్యి వణకదు. నాకున్న ఆస్తి అదొక్కటే.
మరి ఇరవై ఐదు మీటర్ల అవతల
అంత పెద్ద నల్ల సున్న ఎందుకు దొరకదో!

సాబు ట్రిగ్గర్లకు కిలో బాటు వేలాడదీసి చూపిచ్చిండు.
రెండూ కిలోనే, కాంటా తప్పదు.
కాని కిలో చింతపండు, కిలో మేకులు ఒక్కటేనా?
వాల్తర్ పుల్ల విరిగినట్టు ఠక్కుమంటది,
నువ్వు సిద్ధంగున్నవా అని అడగది.
పార్దిని వెన్న మీద కత్తి లెక్క జరుగుతది.
బ్యారెల్ మణికట్టును ఆనుకున్నట్టే ఉంటది,
పేలినా మూతి లేవది.

పార్దినితోని ఎనభై ఎనిమిది.
వాల్తర్‌తోని ఎనభై ఒకటి.
లెక్క తేలిపోయినట్టే గద?
తేలలే.

వాల్తర్ కర్రపిడి ఎవరో ఆకురాయితోని అరగదీసిన్రు,
బొటనవేలు కింద పుట్టీ పెట్టి గట్టు కట్టిన్రు.
"పెర్సిస్ మేడంది. మారేడ్‌పల్లి.
వేళ్లు పట్టుకపోయినంక క్లబ్బుకు ఇచ్చేసింది."
ఆమె వేలున్న కాడ నా వేలు లేదు.
ఆ గట్టు నాకు గుచ్చుకుంటది.
సోమవారం సూది పట్టుకున్నప్పుడు గూడ
ఆ జాగ నొస్తనే ఉంటది,
కానరాని మనిషి చెయ్యి పట్టుకొని దిద్దినట్టు.

ఈ చిన్న తూటాకు మందు నడుమ ఉండదట.
అంచు మీద కొడ్తేనే అంటుకుంటది.
ఒక్కోటి ఒక చాయ్ పైసలు.
మా ఆయన కోపం గూడ ఇదే జాతి.
పెద్ద మాటలకు రాదు,
పప్పుల ఉప్పు తక్కువైందన్న కాడ పేల్తది.

నాలుగో ఆదివారం యువిక వొచ్చింది.
పద్నాలుగేండ్లుంటయి, మోచేతికి బ్యాండేజీ.
"ఆంటీ, మీరు ఇడిసిపెట్టింది నాది."
కండ్లు పార్దిని మీదనే ఉన్నయి.
నడుమ జిల్లా పోటీలు, ఇంక రెండు నెలలే.

"ముందుగాల దీన్ని పట్టు" అని వాల్తర్ ఇచ్చిన.
సన్నటి చెయ్యి. పెర్సిస్ మేడం గట్టు
బొటనవేలు కిందికి
తాళంల చెవి లెక్క పోయి కూసున్నది.
పిల్లకు ఆ సంగతి తెల్వలే, నాకు తెలిసింది.
ఐదు కొట్టింది. ఏం మాట్లాడలే.
ఒక ఖాళీ తొడుగు జేబుల ఏసుకున్నది.

చెప్తే నమ్ముతదా?
మంచిది నేనుంచుకొని
మిగిలింది అంటగట్టిందనుకుంటదేమో.
అనుకోనీ.
పార్దిని ముంగట నా పేరు రాసిన.
పిల్ల మొకం దిక్కు సూడలే.

లేన్ల నిలబడ్డ.
లక్ష్యం మసకగుండాలె, సైటు సాఫుగుండాలె
అని సాబు ఎనుకనుంచి చెప్తనే ఉన్నడు.
చత్వారం కండ్లకు నాకు రెండూ మసకే.
అద్దాలు తుడుసుకున్న. ఊపిరి సగం ఇడిసిన.

పక్క లేన్ల వాల్తర్ ఠక్కుమన్నది.
సాబు "అరె వా" అన్నడో, దగ్గిండో.

నేను కొట్టిన.
ఏడు.