చెరువు నెంబరు

ముమ్మిడివరం సెంటర్లో మందుల కొట్టు మీద
ఒక్క గది మా ల్యాబు.
తెల్లారేసరికి మెట్లెక్కి వస్తాయి నీళ్ళు,
కూల్‌డ్రింకు సీసాల్లో, క్వార్టరు సీసాల్లో,
ఒకసారైతే పసిపిల్ల పాలసీసాలో.
మెడకి దారం, దారానికి చీటీ:
మట్టపర్తి వీరాస్వామి, నాలుగో చెరువు.

చుక్క గాజు మీద వేసి, మూత దించి,
కిటికీ వైపు తిరిగి ఒంటికంటితో చూస్తాను.
పైన నీలం, కింద తెలుపు,
రెండూ తాకే చోట గీత, గీత పక్కన అంకె.
ఎక్కడో ద్రాక్షతోటల్లో
పండు తీపి చూడ్డానికి వాడతారట ఇలాంటి గొట్టాన్ని.
ఇక్కడికొచ్చి మా ఉప్పు తింటోంది.
నేనూ అంతే.

మొన్న మంగళవారం పల్లాలమ్మ వచ్చింది,
కడిగిన ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి
చంకనేసుకుని.
"బోరు నీళ్ళమ్మా. టీ పెడితే పాలు ఇరిగిపోతన్నాయి.
నాకే నోరు పాడైందంటాడు మా ఆయన."
ఐదు చూపించింది గొట్టం.
జాడీకి ఉప్పుండదా అని నవ్వాడు మా కుర్రాడు.
ఆవిడ నవ్వలేదు. ఆటోకి ముప్ఫై పెట్టి ఇంటికెళ్ళి
స్టీలు క్యానులో మళ్ళీ తెచ్చింది.
నాలుగు.
జాడీ ఒప్పుకున్నది ఒక్కటే,
మిగతా నాలుగూ నేలవే.

ఆవిడ చేనుకి గట్టవతలే వీరాస్వామిగారి చెరువు.
ఆ పొద్దున ఆ సీసాలోనూ నాలుగే.
ఆయన కాగితం మీద మాట ముందే అచ్చయి ఉంది:
పెంపకానికి అనుకూలం.
టిక్కు పెట్టాను.
ఆవిడ కాగితం తీసి, అలవాటుగా, మొదటి గడి చదివాను:
"చెరువు నెంబరు?"
"నాకు చెరువేదమ్మా," అంది,
"ముప్ఫై సెంట్ల వరి. అదీ ఎర్రబడిపోయింది."

అమోనియా ఎంతకి రొయ్య తల వేలాడేస్తుందో
ఈ గదికి దశాంశాలతో తెలుసు.
డబ్బు అడిగిన ప్రశ్నలన్నిటికీ
జవాబు నేర్చుకుంది.
మనిషి దాహానికి గడి లేదు.
అంకె అబద్ధమాడలేదు,
ఈవైపు నుంచి ఎవరూ అడగలేదు.

మా తాత లాకుల దగ్గర లస్కరు.
తలుపులెత్తే చక్రం ఇనుముదే,
ఏ ఊరికి ముందు తిరగాలో చెప్పింది ఇనుము కాదనేవాడు.
తిప్పమన్నవాళ్ళ చేతులకి
గ్రీజు అంటడం ఆయనెప్పుడూ చూళ్ళేదట.

కాగితం అంచున ఖాళీలో రాశాను:
తాగడానికి పనికిరాదు. వరికీ.
సంతకం పెట్టి, స్టాంపు వేశాను.
ఆ ఊదారంగు తడి మీద వేలుంచి అడిగింది,
"ఇది చూపిత్తే ఇంటారా?"
గొట్టంలో అలాంటి గీత ఏదీ లేదు.

శుక్రవారానికి మెట్ల మీద ఏడుగురు ఆడవాళ్ళు,
అందరి చేతుల్లోనూ స్టీలు క్యాన్లే.
జాడీలు తేవద్దని, క్యాను మూడుసార్లు
ఆ నీళ్ళతోనే తొలిచి పట్టమని
చెప్పి పంపిందట పల్లాలమ్మ.
మూడుసార్లని నేను చెప్పలేదు.

ఫారాల పుస్తకం అయిపోవచ్చింది.
ఓనరుకి ఇంకా చెప్పలేదు గానీ
అమలాపురం ప్రెస్సుకి ఫోన్ చేశాను,
చెరువు నెంబరు పక్కన ఇంకో గడి పెంచమని.
"దానికేం పేరు వెయ్యమంటారండీ?" అన్నాడు.

లైన్లో ఉండమని,
మెట్ల మీద వాళ్ళని అడగడానికి వెళ్ళాను.