జానెడు జాగ

సుల్తానాబాద్ దాటినంక
రైసుమిల్లుల వరుస ఒడిసే కాడ మా కంపెనీ.
బోర్డు చిన్నది.
లోపల బాయిలరు, దాని ముందల నేను.

పదేండ్ల కింద ఈ తొవ్వల
బండి మీద పోయేటోడు ఒక కన్ను మూసుకొని పోయేది,
ఊక బూడిద అట్ల లేచేది.
మా కనకలచ్చి ఆరేసిన తెల్ల దోతి
మాపటికి పిల్లివన్నె.
ఆమె తిట్లు ఏ పొగగొట్టానికి తగలాల్నో తెలువక
నాకే తగిలేటియి.

ఇప్పుడు అదే బూడిదను
తూకమేసి, పైసలిచ్చి దించుకుంటం.
సోడాల ఉడకబెడితే
అండ్ల దాగిన ఇసుక గుణం కరిగి
గాజు లెక్క నీళ్లయితది,
డ్రమ్ములకెక్కి సబ్బుల కంపెనీకి పోతది.
కరగని నల్ల పిప్పిని
సిరిసిల్ల అద్దకపోళ్లు రంగునీళ్లు వడగట్టనీకి కొంటరు.
కనకలచ్చికి చెప్పిన,
నీ దోతిని కరాబు చేసిందే నీ సబ్బుల సొచ్చిందని.
"అయితే ధర తగ్గియ్యుమను" అన్నది.

నిరుడు జుబేదా మేడమొచ్చింది.
పైపు పైపుకు వేడి మిషిని గురిపెట్టింది,
స్టీమ్ ట్రాపుకు చెవి ఆనిచ్చి
డాక్టరు లెక్క విన్నది.
"ఓదేలన్నా, ఇది నిద్రల గూడ కారుతున్నది."
మోరీకి పోయే ఉడుకునీళ్లను మలిపి
మళ్ల బాయిలర్లకే తెచ్చింది.
పొగ పోయే తొవ్వల గొట్టాలు పెట్టింది:
పొగ సల్లారి పోతది, నీళ్లు కాగి వస్తయి.
దినాం పది బస్తాల ఊక మిగిలింది.
ఆఖరుకు పైపులకు దూది తొడిగి, రేకు చుట్టిన్రు.
పెండ్లికొడుకుల లెక్క మెరిసినయి.

ఆ రాత్రి నా సద్దిగిన్నె సల్లగున్నది.

ఇరవై ఏండ్లు ఆ పైపు మీదనే
నాది, రామలింగుది, ఇస్మాయిల్‌ది
అన్నం ఉడుకైంది.
ఏ చలికాలంల గూడ
కూర మీద నూనె గడ్డకట్టలె.
కంపెనీ లెక్కల అది నష్టం.
మా లెక్కల అది పొయ్యి.

చెప్పనీకి సిగ్గైంది.
మెతుకులు విడదీసుకుంట తింటుంటె ఆమెనే చూసింది.
క్యాలిక్యులేటర్ తీసి కొట్టింది:
జానెడు జాగ ఇడిస్తే
రాత్రికి చాటెడు ఊక.
"చాటెడేనా," అని
మళ్లొకసారి కొట్టి చూసుకున్నది.

తెల్లారి రేకు కోసిన్రు.
ఆమె కాయితంల ఆ పైపు కాడ
ఏమీ రాయలె, ఒక గీత గీసింది అంతే.

జాగ జానెడే.
ఒక గిన్నె దిగితేనే ఇంకోటి ఎక్కుతది.
ముందుగాల ఎవనిది అన్న కాడ
ఇప్పటికీ రోజూ లొల్లే.