ఎనిమిది మూలల బల్ల

గ్రీమ్స్‌పేటలో మా మేడ మీద రేకుల షెడ్డు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పాత పెట్టెలు పదకొండు
విప్పదీస్తే వచ్చిన చెక్క.
మేకు పీకినప్పుడల్లా తోతాపురి వాసన.

అంచుకి ఎనిమిది పలకలు,
కోతకోతకీ ఇరవై రెండున్నర డిగ్రీలు.
"ఆ అర దగ్గరే నీ కొంప మునిగేది" అన్నాడు మొగిలప్ప,
బీడీ చెవి సందున పెట్టుకొని.
మునిగింది.
ఏడు మూలలు కలిశాయి,
ఎనిమిదోది వేలు పట్టేంత నోరు తెరిచింది.

నడుమ, డిపోలో చెంగల్రాయులు ఇచ్చిన బస్సు సీటు స్పాంజి.
దాని మీద బడి యూనిఫారం తానులో మిగిలిన పచ్చగుడ్డ,
ఒకరు లాగి పట్టుకుంటే ఒకరు మేకు కొట్టి,
మధ్యలో ఒక ముడత
ఎంత లాగినా పోలా.

సుగుణ మేడెక్కి వచ్చింది.
బల్లని అరచేత్తో నిమిరింది.
బాగుందని అనలా.
ఆట అప్పుకి సేటు కొట్లో మునిగిపోయిన
కమ్మల మాటా ఎత్తలా.
కొంగు విప్పి చింతగింజలు గుమ్మరించింది:
"ఇవే డబ్బులు. అయిపోతే దిగి రాండి."

ఆ రాత్రి మూడు ముక్కలాట.
జత రాజుల్ని నమ్ముకొని
నలభై గింజలు పోగొట్టుకున్నా.
చెయ్యి పాత అలవాటున జేబులోకి పోయింది.
జేబునిండా రంపపు పొట్టు.

పొద్దున ఆమె గింజలు లెక్కపెట్టింది.
ఒకటి తక్కువ.
నా మొగం చూసింది.
"ఎనిమిదో మూల సందులో పడిందే" అన్నా.
నిజమే చెప్పినా
మేడెక్కి
వేలు పెట్టి చూసింది.