నూట పన్నెండో పేజీ

ఆదోని శాఖా గ్రంథాలయం నుంచి
ఉరుకుందు మళ్లా తెచ్చినాడు ఆ నవలని.
నా చేతికి రావడం ఇది నాలుగోసారి.
వెన్ను ఇరిగినప్పుడల్లా ఇరిగేది ఒక్కచోటే,
నూట పన్నెండో పేజీ కాడ.

రైలు కదలబోతాంటే
ప్రభాకరం మృదుల మణికట్టు పట్టుకుంటాడు.
"నువ్వు పోలేవు" అంటాడు.
ఆమె ఏమీ అనదు.
అంతే. ఆ "ఏమీ అనదు" మీద
మూడు తరాల బొటనవేళ్ల మరక.
ఎవరో పెన్సిలుతో గీత కొట్టినారు,
ఎవరో పూవు పెట్టి మూసినారు,
కనకాంబరం రంగు కాగితంలోకి దిగింది.

నేను కూడా. అబద్ధమెందుకు.
పెండ్లయిన కొత్తలో, కరెంటు పోయిన రాత్రి,
కిరసనాయిలు బుడ్డి కాడ
మాలన్‌బీకి ఈ పేజీ చదివి వినిపించినా.
తర్వాతెప్పుడో ఆమె పుట్టింటికని
ఎమ్మిగనూరు బస్సు ఎక్కబోతే
అట్లే చెయ్యి పట్టుకున్నా. అదే మాట అన్నా.
ఆమె ఏమీ అనలేదు.
నలభై రెండేండ్లు దాన్ని
ప్రేమ కింద జమ కట్టుకున్నా.

ఈసారి దాంతో పాటు ఇంకోటి ఇచ్చినాడు ఉరుకుందు,
పల్చటి పుస్తకం, అట్ట మూల కూడా మడవనిది.
"దీనికి కుట్టు పనేం లేదు తాతా, ఊరికే చదువు" అని.
ఆలూరు టీచరమ్మ ఎవరో రాసిందంట.
అదే కథ, అదే స్టేషను.
కాకపోతే చెప్పేది
ప్లాట్‌ఫారం ఊడ్చే ఈరమ్మ.
పాత నవల్లో ఆమెకుండేది ఒకటే వాక్యం:
"ఎవరో ఊడుస్తున్నారు."

ఈరమ్మ చూసిందేందంటే,
గాజులు ఆరు పగిలినాయి,
ఒక పెంకు తోలు కింద ఇరుక్కునింది.
పిల్ల పండ్లు కరుచుకుని చూస్తాండేది
అతని మొగం దిక్కు గాదు,
కదిలిపోతాండే పెట్టె తలుపు దిక్కు.
టికెట్టు గుప్పిట్లోనే ఉండాది, చెమటకు మెత్తబడి.
అందరూ పోయినాక చీపురికి
పచ్చగాజు పెంకులు తగిలినాయి, ఆ టికెట్టు తగిలింది.
చెత్తలో ఎయ్యబుద్ధి గాక
ఈరమ్మ రెండూ కొంగున ముడేసుకునింది.

మళ్లా పాతది తీసి చూసినా.
ఒక్క మాట మారలేదు.
నేను తుత్తం కలిపిన మైదా
ఒక్క అక్షరాన్నీ పురుగు తిననీలేదు.
ప్రభాకరం అట్లే నిలబడుండాడు, అందంగా.
వేళ్లు మాత్రం
నా వేళ్ల మాదిరి ఉండాయి.

జిన్నింగు మిల్లు నుంచి దూది ఎగిరొచ్చి
జిగురు గిన్నెలో వాలతాంది.
మాలన్‌బీ వసారాలో
ఉగ్గానికి బొరుగులు తడిపి పిండతాంది.
"ఏమే, ఆ పొద్దు బస్టాండులో
చెయ్యి నొప్పి పుట్టిందా?" అన్నా.

పిండే చెయ్యి నిలిచింది.
"ఏ పొద్దు?" అనింది.

నాకు గుర్తుండేది ఒక్క పొద్దే.

ఉల్లిగడ్డ ముందరేసుకుని, తలెత్తకుండానే
మళ్లా అనింది:
"జిగురు ఎండిపోతాంది. చూసుకో."