పుత్తూరు కట్టు

తిరుపతిలో రిహార్సల్ మూడో రోజు
మెట్టు తప్పి, కుడి మణికట్టు మీద పడింది వళ్లియమ్మ.
ఫిన్లాండు నుంచి వచ్చిన నలభై మంది
వయొలిన్లు ఒళ్లో పెట్టుకుని ఎక్స్‌రే, ఎక్స్‌రే అన్నారు.
ఆమె నా వైపు తిరిగి
"మునిరత్నం, బండిలో పెట్రోలుందా?" అంది.

డోలు దించి బండి తీశాను.
తిరుచానూరు దాటి, వడమాలపేట దాటి
చేతిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని
దారంతా ఏదో లెక్కపెడుతూనే ఉంది.
ఏడు. ఏడు. మళ్లీ ఐదు.
నొప్పికి తాళమేంటని నేను అడగలేదు.

ఓబుళరాజు పీట మీద కూర్చుని వెదురు బద్దలు చెక్కుతున్నాడు.
చెయ్యి చూడలేదు. ముందు తడిమాడు.
"ఏం పని చేస్తావమ్మా ఈ చేత్తో?"
"గాలిలో ఊపుతాను."
"ఊపితే?"
"నలభై మంది వాయిస్తారు."
"ఊపకపోతే?"
కాసేపు ఆలోచించింది.
"అప్పుడూ వాయిస్తారు. ఎవరికి వాళ్లు."
"అట్ల చెప్పు," అని ఒక్క లాగు లాగాడు.
ఆ అరుపు ఏ శ్రుతిలో ఉందో
నేనిక్కడ చెప్పను.

ఆకు పసరు, గుడ్డు సొన, గుడ్డ చుట్టు మీద చుట్టు.
ఆరేలోపల ఆయన అడుగుతానే ఉన్నాడు, ఆమె చెబుతానే ఉంది.

నగరిలో వాళ్ల నాయన లుంగీల మగ్గాలు బాగుచేసేవాడంట.
ఆరు పవర్‌లూములు, ఏ రెండిటికీ లయ కలవదు.
గోడ అవతల పడుకుని
ఏ మగ్గానికి జ్వరమొచ్చిందో చెప్పేదంట ఎనిమిదేళ్ల పిల్ల.
నాడె ఇటునుంచి అటు పోయేలోపల
ఊపిరి పట్టేంత సందు ఒకటుంటుంది,
ఇప్పటికీ నా కాపురం అందులోనే, అంది.

ఆ చలిదేశంలో మొదటి రిహార్సల్‌కి పోతే
కుర్చీలు వేయడానికొచ్చావా అన్నారంట.
అవునని వేసిందంట, తనకు కావాల్సినట్టు.
ఒబోని ముందుకు తెచ్చి, ట్రంపెట్లను గోడకి నెట్టి.
(ఒబో అంటే మన నాయనానికి మేనత్త కూతురు.
ముక్కుతో మాట్లాడుతుంది గానీ మనసు మంచిది.)

స్వరం అట్లా ఊగకూడదన్నారు అక్కడ.
ఊగకపోతే స్వరమే కాదన్నారు ఇక్కడ.
అక్కడి పేపరోడు ఏడుకొండల మంచు వినిపించిందని రాశాడు.
కొండ గురించి ఆమె ఒక్క స్వరం రాయలేదు,
రాసింది మగ్గాల గురించి.
ఇక్కడి సభలో ఒక పెద్దాయన
"బాగుంది, రాగం యాడ పెట్టావమ్మా?" అని అడిగాడు,
తాళంచెవి పోయినట్టు.

నాకూ ఆమెతో పేచీ ఉంది.
కర్ర వైపు చూడు మునిరత్నం, అంటుంది.
మా ఇంట్లో కర్ర చూపించేది కొట్టడానికే.
నాయనం ఊపిరి తీసే చప్పుడు చెవిన పడితే
నా చెయ్యి దానంతట అదే లేస్తుంది.

"ఏదీ, ఒకటి వినిపించు," అన్నాడు ఓబుళరాజు.
ఎడంచేత్తో తడబడుతూ ఫోను ఆయన చెవికి ఆనించింది.
ఎముకని తడిమినట్టే, కళ్లు మూసుకుని విన్నాడు.
మద్రాసు రైలు కూత వేసుకుంటూ పోయింది.
ఆయన వేలెత్తాడు.
"ఇక్కడ విరిగింది."

వయొలిన్ల గీత తెగి నా డోలు లేచే చోటు.

ఆమె మొహం పాలిపోయింది.
"అతికించడానికి పదకొండేళ్లు పట్టింది. ఇంకా తెలుస్తా ఉందా?"
"తెలీకుండా ఎట్లుంటాది?
అతికిన కాడ ఎముక రవ్వంత లావుగానే ఉంటాది.
రుద్దొద్దు.
ఈసారి విరిగితే ఇంకో కాడ విరగాల్సిందే గానీ
అక్కడ మాత్రం విరగదు."

మర్నాడు పొద్దున, కర్ర స్టాండు మీదే పడుంది.
వెదురుబద్దల చెయ్యి గుండెకి కట్టుకుని నిలబడి
ముక్కుతో, గట్టిగా, ఊపిరి తీసింది.
నా చెయ్యి లేచింది.
ఒబో లేచింది.
మిగిలినవాళ్లు, గుడ్డు సొన వాసనకి మొహాలు చిట్లిస్తా
ఒక లిప్త ఆలస్యంగా.

ఆపుతుందనుకున్నాం.
ఆ ఆలస్యాన్ని అట్లే ఉంచండి అంది.