నాలుగో మెట్టు

టికెట్టు రెండు వందల యాభై.
బండి పెట్టేదానికి నలభై.
నీళ్ల సీసా తెచ్చుకోనీరు,
లోపల కొంటే ముప్పై.
గేటుకాడ నిలబడి నేనూ కుళ్లాయప్పా
వేళ్ల మీద లెక్క వేసినాం.
జాకెట్టు కుడితే నాకు మిగిలేది నూరు.
అంటే ఒక ఫైనలు చూడాలంటే
మూడు జాకెట్లూ, ఇంకోదాని చెయ్యీ.

అనంతపురం కాలేజీ గ్రౌండుకు గోడ లేని రోజుల్లో
పాతూరు నుంచి అడ్డదారిన పడి వచ్చేవాళ్లం,
మిషను సూది కింద గుడ్డ అట్లే వదిలేసి.
సిమెంటు గ్యాలరీలో నాలుగో మెట్టు మాది.
పడమటి ఎండ మొగాన కొడుతుంటే
తలకు తువ్వాల, ఒళ్లో ఉడికిన బుడ్డలు,
కాళ్ల కింద పొట్టు చీలమండల దాకా.
ఆ అరుపుల్లో
రెఫరీ విజిల్ రెఫరీకే వినపడేది కాదు.
ఒకసారి ఆఫ్‌సైడని ఊదినా ఆట ఆగలే,
గోలు పడింది.
అంతమంది ఎగురుతుంటే
కాదనే మొగోడు ఎవడు?

పిల్లోళ్ల వీపుల మీది నంబర్లు నా చేతి కుట్టే.
ఊరంతా బంతిని చూస్తే నేను వీపులు చూసేవాణ్ణి.
సుంకన్న కొడుకుది ఏడు.
ఆ ఏడు తోక ఎన్నిసార్లు కుట్టినా ఊడేది,
వాడు పరిగెత్తితే టపటపా కొట్టుకునేది.
"నీ ఏడుకు రెక్క మొలిచిందప్పా"
అని నా తొడ మీద చరిచేవాడు కుళ్లాయప్ప.
ఇప్పుడు బట్టలు బెంగుళూరు నుంచి అచ్చై వస్తాండాయి.
రొమ్ము మీద సిమెంటు కంపెనీ,
వీపు మీద పైపుల కంపెనీ,
పిల్లోని పేరు యాడో చంక కింద.

పోయినేడు కొనుక్కునే పోయినాం, అబద్ధమెందుకు.
గేటుకాడ జేబులు తడిమి
మా బుడ్డలు నీలం డ్రమ్ములో పోయించినారు.
బుడ్డలు పండే జిల్లాలో
బుడ్డలకే ప్రవేశం లేదు.
నాలుగో మెట్టు మీద కుర్చీలు బిగించినారు.
నాకు సి నలభై ఒకటి,
వానికి ఎఫ్ పన్నెండు.
ముప్పై ఏండ్లు మోచేతులు రాసుకున్నోళ్లం
దూరం నుంచి చేతులూపుకున్నాం.
మా నడుమ కుర్చీలన్నీ ఖాళీ.
లేచి వాని పక్కకు పోతే
టోపీ పిల్లోడొకడు వచ్చి
"మీ సీటు ఇది కాదు సార్" అన్నాడు.
సార్ అన్నాడు, అదీ నా బాధ.

ఈ ఏడు గోడకు ఈవలే.
టైర్ల అంగడి ముందర గోనెపట్ట మీద
ఐదుగురం.
ఆట కనపడదు, వినపడుతుంది.
కోచ్ తిట్టే ప్రతి ముక్కా గోడ దాటి వస్తాంది,
"ఎడమకు రా! ఒరే, ఎడమకు!"
ఫైనలు అంత విడివిడిగా వినపడకూడదు.
కుళ్లాయప్ప కండ్లు మూసుకొని
ఆ తిట్లను బట్టే ఆట కట్టుకుంటాండాడు.

అరవయ్యో నిమిషమేమో,
బంతి గోడ మీదుగా ఎగిరొచ్చి
టైరుకు తగిలి నా ఒళ్లో పడింది.
అలవాటు కొద్దీ కుట్టు వెతికినా.
దానికి కుట్టే లేదు, అంటించినారు.

గోడ మీదికి ఒక పిల్లోడెక్కినాడు,
గోలు కాసేవాడు, ఇంతింత గ్లోవులు.
"మామా, బంతి."
"లోపల ఎంతమందుండారప్పా?"
వెనక్కి తిరిగి చూసినాడు.
ఎక్కువసేపు పట్టలే.
"మా నాయనొచ్చినాడు" అన్నాడు.

కుళ్లాయప్ప లేచి
చాచిన గ్లోవులో గుప్పెడు బుడ్డలు పోసినాడు.
వాటిని యాడ పెట్టుకోవాలో తెలియక
వాడట్లే పట్టుకున్నాడు కాసేపు.
ఒకటి నోట్లో వేసుకొని,
మిగతావి మేజోడులోకి తోసి,
అవతలికి దూకినాడు.

బంతి విసిరేసినా.
విజిల్ ఊదినారు.
ఎంత బాగా వినపడిందో.