గైర్హాజరు

మస్టరు రాసిన చెయ్యి నాది.
బొగ్గు మొయ్యలేదు నేను. మోసినవాళ్ళ పేర్లు మోశాను,
ఇరవై ఆరేళ్ళు, జ్ఞానాపురం సైడింగు పక్కన
రేకుల గదిలో.

తట్ట దింపి దేముడమ్మ అడిగేది:
"బాబూ, నా బిళ్ళ నంబరు కాడ అర రాసినావా, ఒకటి రాసినావా?"
ఆడమనిషికి అర. కాంట్రాక్టరు లెక్క అది.
ఓడ కడుపులోకి దిగే నిచ్చెనకి మాత్రం
అందరికీ అన్నే మెట్లు.

ఆ ఏడు శ్రావణంలో తట్టలు బోర్లించారు.
పదకొండు రోజులు.
పితికే దిక్కులేని గేదెల్లా
రేవులో ఓడలు అరిచాయి.
పన్నెండో రోజు లారీల్లో కొత్త మనుషులు,
వాళ్ళ వెనక లాఠీలు.
మొదటి రాయి ఎవరిదో తెలీదని
విచారణలో చెప్పాను. తెలుసు.
మావాడిదే. కాపలా మనిషికి కన్ను పోయింది.
అతనిదీ పెందుర్తి పక్కే, అతనిదీ రోజుకూలే.
తర్వాత తుపాకులు.

కోరాడ అసిరయ్య, బిళ్ళ నంబరు రెండొందల పద్నాలుగు,
బొగ్గు కుప్ప మీద పడ్డాడు.
నలుపు మీద నెత్తురు కనపడదు.
కేజీహెచ్‌లో ఒళ్ళు కడిగితేగాని
గాయం ఎక్కడో డాక్టరుకి దొరకలేదు.

సాయంత్రం మేనేజరు మస్టరు అడిగాడు.
చచ్చినవాడికి ఏం రాయాలో ఏ గడిలోనూ లేదు.
"గై" అని రాశాను, ఎర్ర సిరాతో.

కుప్ప తొమ్మిది రోజులు లోలోపలే పొగలింది.
ఎవరూ ముట్టించలేదు. నీళ్ళు కొట్టినా మానలేదు.

ఆ తర్వాతే వచ్చాయి అన్నీ:
ఎనిమిది గంటలు, సబ్బుబిళ్ళ, బెల్లం ముక్క,
దేముడమ్మ పేరు పక్కన పూర్తి ఒకటి.
చెయ్యి వణికి ఆ ఒకటి కాస్త వంకరపోయింది.
ఆమె వేలితో తడిమి చూసి
"అసిరిగాడి ఎముకనాగుంది బాబూ" అంది.

ఇప్పుడు వన్‌టౌన్ మేడ మీద
ఆరేసిన పంచె మధ్యాహ్నానికి నల్లబడుతుంది.
కోడలు గాలిని తిడుతుంది. నేను తిట్టను.

ఎదురింటి ఢిల్లేశుకి కన్వేయరు బెల్టు కింద పని,
ఏజెన్సీ వాడి కింద జీతం, పన్నెండు గంటలు.
గేటు దగ్గర మిషను వాడి బొటనవేలు చదవదట.
గీతలు అరిగి, బొగ్గు దిగి.
మూడుసార్లు నొక్కితే మూడుసార్లూ ఎర్ర దీపం.
ఆ పూట కూలి పోయినట్టే.

నిన్న వచ్చి వేలు చూపించాడు.
కళ్ళజోడు తుడుచుకుని, వెలుతురులోకి తిప్పి
చాలాసేపు చూశాను.
"తాతా, ఏటి సూత్తన్నావు?"

నిమ్మచెక్కతో రుద్దుకోమన్నాను ముందు.
తర్వాత అడిగాను,
ఎర్ర దీపం వెలిగేది నీకొక్కడికేనా అని.

వాడు వేళ్ళు మడవటం మొదలుపెట్టాడు.